చెప్పుదెబ్బకు కుక్కకాటు

మొన్న ఆదివారం ఒక పాత మిత్రుడు ఫోను చేసి, "నీకు కుక్కల సంగతి తెలుసు గదా, మంచి ట్రైనరు నంబరొకటి ఇవ్వు" అన్నాడు. నాలుగు నెలల లాబ్రడారు పిల్లను కొన్నాడట. సోఫా కొరికేసిందట, ఇల్లంతా పాడుచేస్తోందట, కోడలు విసుక్కుంటోందట. "నెల రోజులు ఎక్కడైనా పెట్టి బుద్ధి చెప్పించి తెచ్చుకుందామని ఉంది. కాస్త గట్టివాణ్ణి చూడు. దెబ్బకు దెయ్యమైనా వదులుతుందంటారు" అని ముక్తాయించాడు.

నేను నంబరు ఇవ్వలేదు. గంటసేపు వాదించాను. వాదన తెగలేదు. ఫోనులో చెప్పలేకపోయినదంతా ఇక్కడ రాస్తున్నాను. ఇందులో అతనిమీద కోపం కంటే నామీద నాకున్న కోపమే ఎక్కువన్న సంగతి చదువరులు ముందే గ్రహిస్తే మంచిది.

దెబ్బలు తిన్న కుక్క కథ మనకు కొత్తది కాదు. ఆదిపర్వం ఆరంభంలోనే ఉంది. జనమేజయుడు సత్రయాగం చేస్తూండగా దేవశుని సరమ కొడుకు సారమేయుడు ఆడుకుంటూ అక్కడికి వస్తాడు. రాజు తమ్ముళ్లు వాణ్ణి కొడతారు. వాడు ఏడుస్తూ తల్లి దగ్గరకు పోతాడు. ఆ తల్లి నేరుగా యాగశాలకు వచ్చి, నా బిడ్డ ఏం తప్పు చేశాడని కొట్టారని నిలదీస్తుంది. అంతటి రాజవంశం దగ్గర దానికి జవాబు లేదు. నిరపరాధిని బాధపెట్టినవారికి ఊహించని వైపునుంచి భయం వచ్చిపడుతుందని చెప్పి ఆమె వెళ్ళిపోతుంది. నన్నయగారి ఆ పద్యం మనలో చాలామందికి బడిలోనే కంఠస్థం. ఊహించని వైపునుంచి వచ్చే భయమంటే ఏమిటో మాత్రం నాకు 2019 మే నెలలో గాని తెలియలేదు.

మా చంటి దేశవాళీ కుక్క. 2018 వానాకాలంలో మల్కాజిగిరిలో మా సందు చివర, ఆగివున్న ఆటో కింద వణుకుతూ దొరికాడు. అరచేతిలో పట్టేంత పిల్ల. ఎనిమిది నెలలు నిండేసరికి మనుషులమీదకు ఎగరడం, బెల్టు పట్టుకున్నవాణ్ణి ఈడ్చుకుపోవడం, తలుపు తడితే మూడంతస్తులూ దద్దరిల్లేట్టు మొరగడం మొదలుపెట్టాడు. ఈ ఎనిమిది నెలల్లో వాడికి నేను నేర్పింది ఏమీ లేదు. ప్రేమించాను, అన్నం పెట్టాను, అంతే. అపార్టుమెంటు సంఘం నుంచి రెండు లేఖలు వచ్చాయి. (పెంపుడు కుక్కలను నిషేధించే అధికారం ఇలాంటి సంఘాలకు లేదని కేంద్ర జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ కాగితం చూపించి ఉంటే సగం గొడవ తీరేది. నాకప్పుడు తెలియదు.) భయపడి, ఎవరో చెప్పిన ఒక శిక్షకుణ్ణి పిలిపించాను.

ఆయన వచ్చీరాగానే "డిపార్టుమెంటులో చేశాను సార్" అన్నారు. ఆ ఒక్క మాటతో నా నోరు మూతపడింది. నలభై ఐదు రోజులు, ఊరి శివార్లలో తన షెడ్డులో ఉంచుకుంటారు. భోజనంతో సహా ఇరవై రెండు వేలు. వంద శాతం గ్యారంటీ. ఒకటే షరతు: "యజమాని కనబడితే కుక్క పాఠం మరిచిపోతుంది సార్, మధ్యలో రావద్దు." నేను సరేనన్నాను. బ్యాంకులో పదివేలు వేయడానికి పదిచోట్ల సంతకాలు సరిచూసుకునే మనిషిని, నన్ను చూసి తోకాడించే ప్రాణిని మాత్రం నేను చూడడానికి వీల్లేదన్న చోట అప్పజెప్పి వచ్చాను. ఆరువారాల పాటు ఆయన పంపిన వీడియోలు చూసి మురిసిపోయాను.

తిరిగివచ్చిన రోజు సెల్లారులో ప్రదర్శన జరిగింది. కూర్చోమంటే కూర్చున్నాడు. పడుకోమంటే పడుకున్నాడు. ఆయన కాలిపక్కనే అంగుళం తేడా లేకుండా నడిచాడు. సంఘం కార్యదర్శిగారు కూడా చప్పట్లు కొట్టారు. తోక మాత్రం కాళ్లమధ్య ఇరుక్కుపోయి ఉంది. చెవులు వెనక్కు అతుక్కుపోయి ఉన్నాయి. ఎవరు చెయ్యెత్తినా కళ్లు మూసుకుంటున్నాడు. దాన్ని నేను వినయమనుకున్నాను.

వేసవి సెలవులకు మా చెల్లెలి కొడుకు తెనాలి నుంచి వచ్చాడు. ఎనిమిదేళ్లవాడు. మూడోరోజు మధ్యాహ్నం, మంచం పక్కన పడుకున్న చంటిని వాటేసుకోబోయాడు. అంతకుముందు సంక్రాంతికి ఇదే పని చేయబోతే చంటి గొంతులో సన్నగా గుర్రుమన్నాడు, పిల్లవాడు వెనక్కు తగ్గాడు. ఈసారి గుర్రుమనలేదు. పళ్లు చూపలేదు. నేరుగా కరిచాడు. మోచేతికింద మూడు గాట్లు. పంపు కింద పావుగంట సబ్బుతో కడిగి, ఆసుపత్రికి పరుగెత్తి, టీకాలు మొదలుపెట్టించాం. మా బావ ఒక్క మాట అనలేదు. చెల్లెలు మాత్రం, "అన్నయ్యా, వాడి మొహానికి తగిలి ఉంటే?" అంది. ఆ ప్రశ్నకు ఈనాటికీ నా దగ్గర జవాబు లేదు.

శిక్షకుడికి ఫోను చేస్తే ఆయన తొణకలేదు. "ఇంకో పదిహేను రోజులు పంపండి సార్, ఈసారి గట్టిగా చెప్తాను" అన్నారు.

పంపలేదు. పశువైద్యుడి దగ్గరకు తీసుకుపోయాను. ఆయన చంటి మెడమీద వెంట్రుకలు పాయలుగా విడదీసి చూపించారు. చుట్టూ వలయంలా బోడిచర్మం, దానిమీద మానిన గీతలు. గుంజితే బిగుసుకునే గొలుసు గుర్తులవి. "గుర్రుమన్నప్పుడల్లా గుంజి ఉంటారు" అన్నారు. "గుర్రుమనడం మానేశాడు. భయం మానలేదు."

ఈ రెండు వాక్యాల్లో ఉన్నది అర్థం కావడానికి నాకు కొన్నాళ్లు పట్టింది. కుక్క గుర్రుమనడం పొగరు కాదు, హెచ్చరిక. "నాకు భయంగా ఉంది, దూరంగా ఉండు" అని అది తనకు వచ్చిన భాషలో మర్యాదగా చెబుతోంది. ఆ మాటకు దెబ్బ కొడితే మాట ఆగిపోతుంది, భయం రెట్టింపవుతుంది. కూత భరించలేక కుక్కరు వెయిటుకు గుడ్డ చుట్టి కట్టేసినట్టు. మన సామెత కుక్కకాటుకు చెప్పుదెబ్బ అంటుంది. మా ఇంట్లో వరస తిరగబడింది. చెప్పుదెబ్బ ముందు పడింది, కాటు తరువాత వచ్చింది, అదీ కొట్టినవాడికి కాదు, ఏ పాపమూ ఎరుగని పిల్లవాడికి.

ఇక "డిపార్టుమెంటు" అన్న మంత్రం సంగతి. పోలీసు శాఖల్లో, సరిహద్దు దళంలో కుక్కల శిక్షణ నిజంగా గొప్ప విద్యే. టేకన్‌పూర్‌లోని సరిహద్దు భద్రతా దళం వారి శిక్షణాకేంద్రం 1970 నుంచి ఆ పని చేస్తోంది. మన మొయినాబాద్‌లో కూడా పోలీసు జాగిలాలకు శిక్షణనిస్తారు. కాని అక్కడ జరిగేదేమిటి? కుక్కతో పాటు దాన్ని నడిపే జవాను కూడా నెలల తరబడి పక్కపక్కనే నేర్చుకుంటాడు. ఇద్దరూ జంటగా బయటికి వస్తారు. కుక్కను ఒకడు తయారుచేసి పెట్టెలో పెట్టి ఇంకొకడికి పంపే పద్ధతి అక్కడ లేదు. అంటే "డిపార్టుమెంటులో చేశాను" అన్న మనిషి, అక్కడ నేర్చిన మొదటి పాఠానికే విరుద్ధంగా నన్ను గేటు బయట నిలబెట్టాడన్నమాట. చంటి ఆయన మాట వినడం నేర్చుకున్నాడు. నా మాట వినడం నేర్చుకోలేదు. నేను వాడి మాట వినడం అసలే నేర్చుకోలేదు.

ఈ హాస్టలు వ్యామోహం మనకు కుక్కలతో మొదలైంది కాదు. పదో తరగతి కాగానే పిల్లవాణ్ణి తీసుకుపోయి రెండేళ్లు నాలుగు గోడల మధ్య పడేసి, ఫీజు కట్టి, ర్యాంకు తెచ్చి చేతిలో పెట్టమని అడిగే జాతి మనది. లోపల ఏం జరుగుతోందని అడిగితే "మీరు రాకండి, చదువు పాడవుతుంది" అంటారు. తలూపి వస్తాం. తెగిన పిల్లల గొంతులు పత్రికల్లో వార్తలయినప్పుడు మాత్రం ఉలిక్కిపడతాం. కుక్కల షెడ్డుకు పత్రికావిలేఖరి కూడా రాడు.

కొట్టి నేర్పడానికి శాస్త్రం ఉందని చెప్పేవారున్నారు. "కుక్కకు తోడేలు రక్తం సార్, మంద నాయకుడు మీరేనని చూపించాలి" అని నా శిక్షకుడూ అన్నారు. ఈ మాట పుట్టుక విచిత్రమైనది. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే శాస్త్రజ్ఞుడు బాసెల్ జంతుప్రదర్శనశాలలో బంధించిన తోడేళ్లను గమనించి, అవి నాయకత్వం కోసం పోట్లాడుకుంటాయని రాశాడు. డేవిడ్ మెక్ అనే అమెరికన్ 1970లో తన పుస్తకం ద్వారా ఆ భావాన్ని లోకమంతా వ్యాపింపజేశాడు. తరువాత అదే మెక్ అడవిలో స్వేచ్ఛగా తిరిగే తోడేళ్ల మధ్య ఏళ్ల తరబడి వేసవులు గడిపి, 1999లో తన మాట తానే దిద్దుకున్నాడు: మంద అంటే సేన కాదు, తల్లీ తండ్రీ పిల్లలూ ఉన్న ఒక సంసారం. తన పాత పుస్తకం ఇక అచ్చు వేయవద్దని ప్రచురణకర్తలను తానే వేడుకున్నాడు. చెరసాలలో ఖైదీల కొట్లాటలు చూసి మానవ కుటుంబం ఇలా ఉంటుందని రాసినట్టుంది ఆ తొలి సిద్ధాంతం. రాసినవాడు వదులుకున్నాడు, మన షెడ్లు వదలలేదు. గొలుసు గుంజే పద్ధతి అంతకన్నా పాతది. జర్మనీలో పోలీసు కుక్కలను తయారుచేసిన కొన్రాడ్ మోస్ట్ 1910లో రాసిన పుస్తకం నాటిది.

ఫలితాల మాట చూద్దాం. 2009లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు పశువైద్యులు, చికిత్సకు వచ్చిన కుక్కల యజమానులను వివరాలడిగి ఒక పరిశీలన ప్రకటించారు. కుక్కను కొట్టడం, తన్నడం చేసిన వారిలో నూటికి 43 మందికి కుక్క ఎదురుతిరిగింది. వెల్లకిలా పడేసి అదిమిపట్టిన వారిలో నూటికి 31 మందికి అదే అనుభవం. 2020లో పోర్చుగల్‌లో ఏడు శిక్షణశాలల నుంచి 92 కుక్కలను తీసుకొని పరిశీలించారు. గద్దింపులు, గుంజుళ్లు ఎక్కువగా ఉన్నచోట కుక్కల లాలాజలంలో ఒత్తిడిని తెలిపే హార్మోను పాఠం తరువాత ఎక్కువ పెరిగింది. అంతేకాదు, గిన్నెలో తిండి ఉందో లేదో తెలియని చోటికి అవి నిదానంగా, ఆశ వదులుకున్నట్టు నడిచాయట. ఆ ఒక్క వివరం చదివి నేను ఆ రాత్రి నిద్రపోలేదు. చంటి షెడ్డునుంచి వచ్చాక తన గిన్నె వైపు అలాగే నడిచేవాడు.

మరి చట్టం? జంతువును కొట్టడం 1960 నాటి చట్టం ప్రకారం నేరమే. మొదటిసారికి జరిమానా పది రూపాయలకు తగ్గకుండా, యాభై రూపాయలకు మించకుండా. ఇరవై రెండు వేల రుసుములో యాభై రూపాయలు పోతే ఎవడికి బాధ? కుక్కపిల్లలను పుట్టించి అమ్మేవాడు 2017 నిబంధనల ప్రకారం రాష్ట్ర జంతుసంక్షేమ బోర్డులో నమోదు చేసుకోవాలి. సూదిమందు వేసే వైద్యుడికి పశువైద్య మండలి రిజిస్ట్రేషను ఉండాలి. శిక్షకుడికి మాత్రం ఒక గొలుసు, ఒక ఫోను నంబరు ఉంటే చాలు. కాబట్టి సరైనవాణ్ణి వెతుక్కునే భారమంతా మనమీదే ఉంది. ఆ భారాన్ని మనం "గట్టివాడు" అన్న ఒక్క మాటతో దించేసుకుంటున్నాం. నా అసలు ఫిర్యాదు ఇదే. ఆ షెడ్డులో కర్రపట్టిన మనిషి తన పెద్దల దగ్గర నేర్చిందే చేస్తున్నాడు, చవకగా, తొందరగా, కంటికి కనబడకుండా చేయమని అడుగుతున్నది మనం.

నేను రెండోసారి వెతికినప్పుడు ఆరుగురితో మాట్లాడాను. అందరినీ ఒకే ప్రశ్న అడిగాను. ప్రశ్న నాది కాదు, జీన్ డొనాల్డ్‌సన్ అనే అమెరికన్ శిక్షకురాలు యజమానులందరినీ అడగమనేది. కుక్క చెప్పినట్టు చేస్తే దానికి ఏం జరుగుతుంది, చేయకపోతే ఏం జరుగుతుంది? ఎంత చిన్న ప్రశ్నో చూడండి. ముగ్గురు కోపగించుకున్నారు. ఒకాయన "ఎనర్జీ", "బ్యాలెన్సు" అని పావుగంట మాట్లాడారు గాని చేతిలో ఏం పట్టుకుంటారో చెప్పలేదు. ఐదో ఆయన బిస్కత్తులు మాత్రమే వాడతానన్నారు. చూస్తే ముక్కు ముందు బిస్కత్తు ఆడిస్తూ కుక్కను గిరగిర తిప్పడం తప్ప ఏమీ రాదు. కొట్టనివాడల్లా విద్య తెలిసినవాడని భ్రమపడడానికీ వీల్లేదు.

ఆరో ఆమె చిన్నపిల్ల, పాతికేళ్లుంటాయేమో. "తప్పు చేస్తే ఏం జరుగుతుందమ్మా?" అంటే, "ఏమీ జరగదు సార్. ముక్క దొరకదు. పాఠం కష్టమైందేమోనని నేను తేలిక చేస్తాను" అంది. గ్యారంటీ అడిగితే నవ్వింది. "ప్రాణం ఉన్నదానికి గ్యారంటీ ఎవరిస్తారు? ముందు డాక్టరుగారితో చెవులూ కీళ్లూ చూపించండి, నొప్పితో కరుస్తున్నాడేమో తేలాలి" అంది. మొదటి రోజు గంటసేపు చంటిని ముట్టుకోనే లేదు. గోడవైపు తిరిగి నేలమీద కూర్చొని మమ్మల్నే ప్రశ్నలడిగింది. ఎక్కడ పడుకుంటాడు, ఎవరు నడిపిస్తారు, ఎవరిని చూసి వెనక్కు జరుగుతాడు. నడిపించేది ఎక్కువగా వాచ్‌మన్ యాదగిరి అని తెలిసి, "అయితే పాఠానికి ఆయన కూడా రావాలి" అంది. ఆ మాటతోనే నాకు నమ్మకం కుదిరింది. తరువాత ఆరు నెలలు పాఠాలు మాకే జరిగాయి. ఉడకబెట్టిన కోడిముక్కలు గోరంత సైజులో కోసుకొని, చంటి ఎప్పుడు చూపు తిప్పుకుంటాడో, ఎప్పుడు మూతి నాకుతాడో, ఎప్పుడు బిగుసుకుపోతాడో గమనించడం నేర్చుకున్నాం. అతిథులు వస్తే మూతికి చిక్కం తొడగడం, దాన్ని వాడు ఇష్టంగా తొడిగించుకునేట్టు చేయడం నేర్చుకున్నాం. సెల్లారులో ప్రదర్శన ఏదీ జరగలేదు.

"తిండి చూపించి చేయించేది లంచం గదా" అన్నాడు మొన్నటి మిత్రుడు. పని చేయకముందు చూపించేది లంచం. చేసినాక ఇచ్చేది జీతం. నెలాఖరున ఆయన తీసుకునేదాన్ని ఎవరైనా లంచమంటే ఒప్పుకుంటాడా? "మనం బెత్తం దెబ్బలు తిని బాగుపడలేదా" అని కూడా అన్నాడు. బాగుపడ్డామో లేదో గాని, 2009 విద్యాహక్కు చట్టం బళ్లో ఆ బెత్తాన్ని నిషేధించింది, ఆయన మనవడికి అది తగలకూడదని ఆయనే కోరుకుంటున్నాడు. చివరికి కర్రకున్న పది ప్రయోజనాలు చెప్పే సంస్కృత శ్లోకాన్ని గుర్తుచేశాడు. అందులో కుక్క ఉన్నమాట నిజమే. పాము, శత్రువు, బురద, నీళ్లు, చీకటి, ముసలితనం కూడా ఉన్నాయి. అది దారిన పోయేవాడు ఆత్మరక్షణకూ ఊతానికీ పట్టుకునే కర్ర. ఆ కర్రతో చీకటికీ, ముసలితనానికీ పాఠాలు చెప్పిస్తామా?

అతని లాబ్రడారు పిల్లకు నాలుగు నెలలు. నాకు భయమంతా అందుకే. కుక్కపిల్ల మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా చూసిన లోకాన్నే తనదిగా నమ్ముతుందని స్కాట్, ఫుల్లర్ 1965లోనే తమ గ్రంథంలో చూపించారు. ఆ కిటికీ ఇప్పటికే చాలావరకు మూసుకుపోయింది. మిగిలిన సందులోంచి దానికి కనబడవలసింది ఆటోల చప్పుడు, గొడుగులు, పిల్లలు, ముసలివాళ్లు, తన ఇంటి మనుషులు. రేకుల షెడ్డు కాదు. సోఫా కొరకడం నేరం కాదు, దానికి పాలపళ్లు ఊడి కొత్తపళ్లు వస్తున్నాయి. కొరకడానికి వేరే ఏదైనా ఇవ్వండి. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెతను మనవాళ్లు దెబ్బలకు సమర్థనగా వాడతారు గాని, మొక్కను ఎవరూ కొట్టి వంచరు.

చంటికి ఇప్పుడు ఏడేళ్లు దాటాయి. మెడమీద వెంట్రుకలు మళ్లీ వచ్చాయి. చెయ్యెత్తితే కళ్లు మూసుకోవడం మాత్రం పూర్తిగా పోలేదు, పోదని ఆ అమ్మాయి ముందే చెప్పింది. కిందటి వేసవిలో మేనల్లుడు వచ్చాడు, మీసకట్టు మొలుస్తోంది. ఒకరోజు చంటి తన ఎముక పట్టుకొని బల్లకింద పడుకున్నాడు. వీడు చెప్పులకోసం అటు వంగాడు. లోపలినుంచి సన్నగా గుర్రుమన్న శబ్దం. ఇల్లంతా ఒక్కక్షణం నిశ్శబ్దమైపోయింది. వాడు నిదానంగా రెండడుగులు వెనక్కు వేసి, "మామయ్యా, చంటి చెప్పాడు" అన్నాడు.

మిత్రుడికి ఆ అమ్మాయి నంబరు పంపాను, పాఠాలకు నువ్వూ, కోడలూ, పనిమనిషీ కూర్చోవాలని రాశాను. ఇంతవరకు జవాబు లేదు.